ఉల్లి వేరులో సెంట్రియోల్ గీస్తే సగం మార్కులు పోయాయి: అసలది ఎక్కడ ఉంటుంది, ఏం చేస్తుంది?

ఒంగోలు బైపీసీ విద్యార్థిని

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒంగోలులో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. పోయిన వారం మా కళాశాలలో జరిగిన ప్రయోగ పరీక్షలో ఉల్లి వేరు కొనకు ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, గాజు పలక మీద నొక్కి, సూక్ష్మదర్శినిలో సమవిభజన దశలను చూసి బొమ్మలు గీయమన్నారు. నాకు మధ్యదశ చక్కగా దొరికింది. క్రోమోసోములు కణం నడుమ ఒకే వరుసలో నిలిచి ఉన్నాయి. దానిని గీసి, కండె (క్రోమోసోములను రెండు వైపులకూ చేర్చే పోగుల కట్ట) రెండు కొనల దగ్గర ఒక్కొక్క జత సెంట్రియోల్‌లను, వాటి చుట్టూ ఆస్టర్ కిరణాలను కూడా గీసి పేర్లు రాశాను. ఆ బొమ్మకు సగం మార్కులు తీసేసి, పక్కన ఎర్ర సిరాతో ‘చూడనిది గీశావు’ అని రాశారు.

నా దగ్గరున్న గైడులో ‘సెంట్రియోల్‌లు ధ్రువాలకు చేరి కండెను నిర్మిస్తాయి’ అని ఉంది. కండె ఉన్నప్పుడు దానిని నిర్మించినవి కూడా అక్కడ ఉండాలి కదా అన్నది నా ఆలోచన. సెంట్రియోల్ కణంలో ఎక్కడ ఉంటుందో, దాని పనులేమిటో పెద్దలు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కావలి విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, ఆ పరీక్షకుడి స్థానంలో నేనున్నా మార్కులు తీసేసేవాణ్ణే. అయితే తప్పులో పెద్ద వాటా నీది కాదు, ఆ గైడుది. ఉల్లికి సెంట్రియోల్‌లు లేవు. ఉల్లికే కాదు, వరికి, వేరుసెనగకు, మామిడికి, పుష్పించే మొక్కల్లో దేనికీ లేవు. అయినా వాటి కణాల్లో కండె ఏర్పడుతుంది, క్రోమోసోములు రెండు వైపులకూ సమానంగా చేరుతాయి.

ఈసారి పలకను మళ్ళీ చూడగలిగితే ఒక విషయం గమనించు. జంతుకణంలో కండె రెండు కొనలూ సూదిగా ఒక బిందువు దగ్గర కలుస్తాయి, ఆ బిందువు చుట్టూ కిరణాలు విచ్చుకొని ఉంటాయి. ఉల్లిలో కండె కొనలు మొద్దుగా, పీపాయి అంచుల్లా వెడల్పుగా ఉంటాయి, చుట్టూ కిరణాలు ఉండవు. నీవు పుస్తకంలోని జంతుకణపు బొమ్మను తెచ్చి మొక్క కణానికి అతికించావు.

ఇక జంతుకణంలో అది ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న. విభజన జరగని సమయంలో, సాధారణంగా కేంద్రకానికి పక్కనే కణద్రవ్యంలో రెండు సెంట్రియోల్‌లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. వాటి చుట్టూ చిక్కటి మాంసకృత్తుల పదార్థం పేరుకొని ఉంటుంది. ఈ రెండూ, ఆ పదార్థమూ కలిసినదే సెంట్రోసోమ్. సెంట్రియోల్ అన్నా సెంట్రోసోమ్ అన్నా ఒకటేనని చాలామంది రాస్తారు. ఒకటి కాదు. కండె పోగులైన సూక్ష్మనాళికలను, అంటే సన్నటి మాంసకృత్తి గొట్టాలను, మొలిపించేది ప్రధానంగా ఆ చుట్టూ ఉన్న పదార్థం, అందులోని గామా ట్యూబ్యులిన్ అనే మాంసకృత్తి వలయాలు. ఆ పదార్థం చెదిరిపోకుండా ఒక్కచోట గుమిగూడేటట్లు చేసేది సెంట్రియోల్.

ఒక్కొక్క సెంట్రియోల్ సుమారు అర మైక్రోమీటరు పొడవు, దానిలో సగం కంటే తక్కువ వెడల్పు ఉన్న చిన్న గొట్టం. మీ కళాశాల సూక్ష్మదర్శినిలో దాని నిర్మాణం కనిపించే ప్రసక్తే లేదు. చేప పిండంలో చూసినా కిరణాల నడుమ ఒక చుక్క మాత్రమే కనిపిస్తుంది.

పాటూరు మగ్గం

జీవశాస్త్రం నాకు పెద్దగా తెలియదు గానీ, కండె అన్న మాట చూసి ఆగిపోయాను. మా పాటూరులో నాడెలో పెట్టే పేక నూలు చుట్టను కండె అంటాము. నడుమ ఉబ్బి, రెండు కొనలకూ సన్నబడి ఉంటుంది. పాఠ్యపుస్తకం రాసినవారు ఆ మాటను మగ్గం దగ్గరి నుంచే తీసుకున్నట్టున్నారు. మాస్టారు చెప్పిన లెక్కన జంతుకణానిది మా కండె, ఉల్లిది కొన తెగ్గోసిన కండె అన్నమాట.

కావలి విశ్రాంత అధ్యాపకుడు

ఇంతకంటే బాగా నేను తరగతిలో ఎన్నడూ చెప్పలేదండీ.

నెల్లూరు పోటీ పరీక్షల శిక్షకుడు

మాస్టారి వివరణను గౌరవిస్తూనే, విద్యార్థులు గందరగోళపడకూడదన్న ఉద్దేశంతో రెండు మాటలు చెప్తాను. పరీక్షకు గుర్తుంచుకోవలసింది ఇది. సెంట్రియోల్‌లు జంతుకణాల్లో ఉంటాయి, కేంద్రకం దగ్గర ఉంటాయి, కణ విభజనలో కండెను ఏర్పరుస్తాయి. నాడీకణాల్లో సెంట్రియోల్ లేదు కాబట్టి అవి విభజన చెందవు. ఈ నాలుగు వాక్యాలతో ఇన్నేళ్ళుగా మా విద్యార్థులు మార్కులు తెచ్చుకుంటున్నారు. మొక్కలు మినహాయింపు అని ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది. అంతకుమించి లోతుకు వెళ్ళడం పరిశోధకుల పని.

ఉలవపాడు మామిడి తోట

శిక్షకుడు గారికి నమస్కారం. నేను డిగ్రీ చదివి వ్యవసాయంలో స్థిరపడ్డవాణ్ణి. మీ నాలుగో వాక్యం నాకు పొసగడం లేదు. సెంట్రియోల్ లేనందువల్ల నాడీకణం విభజన చెందదు అంటున్నారు. సెంట్రియోల్ లేని మామిడి చిగురు ఏటేటా విభజన చెందుతూనే ఉంది కదా. లేకపోవడమే కారణమైతే మా తోటలో ఒక్క ఆకు కూడా వేయకూడదు. ఒకే కారణం ఒకచోట విభజనను ఆపి, ఇంకొకచోట ఆపకుండా ఎలా ఉంటుంది?

నెల్లూరు పెథాలజీ

తోట గారు తర్కంతో పట్టుకున్నదానిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఎప్పుడో నిరూపించింది. పూర్తిగా ఎదిగిన నాడీకణాల్లో కూడా సెంట్రియోల్‌లు ఉన్నాయి. అంతేకాదు, మెదడులోని అనేక నాడీకణాలకు ఒక్కొక్క శైలిక (కణం మీద వెంట్రుకలా పొడుచుకొని ఉండే సన్నటి భాగం) ఉంటుంది, దాని అడుగున ఉండేది సెంట్రియోలే. ఎదిగిన నాడీకణంలో సెంట్రోసోమ్ సూక్ష్మనాళికలను మొలిపించే పనిని చాలావరకు తగ్గించుకుంటుంది, నాళికలు ఇతర చోట్ల నుంచి మొలుస్తాయి. ‘పని తగ్గించుకుంది’ అన్న మాట ఎక్కడో ఒక చేతిలో ‘లేదు’ అయి, అక్కడి నుంచి గైడులన్నింటిలోకీ పాకినట్టుంది. నాడీకణం విభజన చెందకపోవడానికి కారణం అది విభజన చక్రం నుంచే తప్పుకోవడం. ఆ చక్రాన్ని నడిపే మాంసకృత్తులను కణం అణచివేసి ఉంచుతుంది.

సెంట్రోసోమ్‌ను నిజంగా విడిచిపెట్టే కణాన్ని చూడాలంటే అస్థి కండరాన్ని చూడాలి. కండర తంతువు ఏర్పడేటప్పుడు సూక్ష్మనాళికలను మొలిపించే బాధ్యత కేంద్రకపు పొరకు బదిలీ అవుతుంది.

నెల్లూరు పోటీ పరీక్షల శిక్షకుడు

పరీక్ష కీలో ఏ జవాబు ఉంటే దానినే మేము చెప్పవలసి వస్తుంది. కానీ తోట గారి ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదని ఒప్పుకుంటున్నాను. కండె విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. జంతుకణంలో కండెను ఏర్పరచేది సెంట్రియోలే.

కావలి విశ్రాంత అధ్యాపకుడు

దాన్ని కూడా కొంచెం తడిమి చూద్దాం.

1880ల్లో బెల్జియంకు చెందిన వాన్ బెనెడెన్, జర్మనీకి చెందిన థియొడోర్ బొవేరీ ఇద్దరూ గుర్రపు పేగుల్లోని ఏలికపాము గుడ్లను పరిశీలించారు. ఆ గుడ్డులో క్రోమోసోములు చాలా తక్కువ, స్పష్టంగా కనిపిస్తాయి. విభజన సమయంలో రెండు కొనల దగ్గరా చుక్కలు, వాటి చుట్టూ కిరణాలు కనిపించాయి. 1888లో బొవేరీ దానికి సెంట్రోసోమ్ అని పేరు పెట్టాడు. కండె కొనల్లో చుక్కలున్నాయి కాబట్టి కండెను కట్టింది ఆ చుక్కలే అని లోకం అనుకుంది. మన విద్యార్థిని చేసిన ఊహా అదే, కాబట్టి ఆమె మంచి సావాసంలోనే ఉంది.

తరువాత తెలిసింది ఏమిటంటే, కణం కండెను కట్టడానికి ఒకటి కంటే ఎక్కువ దారులు ఉన్నాయి. క్రోమోసోముల చుట్టూనే సూక్ష్మనాళికలు మొలుస్తాయి, చోదక మాంసకృత్తులు వాటిని కట్టలు కట్టి రెండు కొనలకు లాగుతాయి. మనుషుల అండకణం క్షయకరణ విభజనలో తన కండెను సెంట్రియోల్‌లు లేకుండానే కట్టుకుంటుంది. మొక్కలు చేసేదీ ఇంచుమించు ఇదే, గామా ట్యూబ్యులిన్ వాటికీ ఉంది, కేంద్రకపు పొర చుట్టూ పరచుకొని పని చేస్తుంది. సెంట్రియోల్‌లు ఉన్న కణంలో ఈ పని త్వరగా, నిక్కచ్చిగా జరుగుతుంది. కండె ఏ దిశలో పడుకోవాలో నిర్ణయించడంలో ఆస్టర్ కిరణాలు కణపు పొరను పట్టుకొని లంగరులా పనిచేస్తాయి. ఇది చిన్న సంగతి కాదు. కండె దిశ మారితే కణం చీలే దిశ మారుతుంది, దానితో కణజాలం ఆకారమే మారుతుంది.

2006లో పండ్ల ఈగల మీద జరిగిన ఒక ప్రయోగం ఈ వాదనను ఇంచుమించు తేల్చివేసింది. సెంట్రియోల్ తయారీకి అవసరమైన జన్యువు పాడైన ఈగలు పెరిగి, రెక్కలు వచ్చి, పూర్తి ఈగలుగా బయటికి వచ్చాయి. పిండపు తొలి విభజనలకు తల్లి గుడ్డులో పెట్టిన సామగ్రి అక్కరకు వచ్చిందన్న మాట నిజమే గానీ, ఆ తరువాత శరీరమంతా సెంట్రియోల్‌లు లేని కణాలతోనే కట్టుకుంది. అయితే ఆ ఈగలు బయటికి వచ్చాక బతకలేకపోయాయి. ఎందుకు బతకలేదో ఎవరైనా ఊహించగలరా?

ఒంగోలు బైపీసీ విద్యార్థిని

విభజన తప్పుగా జరిగి అవయవాలు దెబ్బతిని ఉంటాయా మాస్టారూ?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

కాదమ్మా. అవయవాలన్నీ ఇంచుమించు సరిగ్గానే ఉన్నాయి. వాటికి శైలికలు లేవు. ఈగ శరీరంలో స్పర్శను, కీళ్ళ కదలికను గ్రహించే జ్ఞాననాడీకణాల కొనల్లో శైలికలు ఉంటాయి. అవి లేకపోవడంతో తన కాళ్ళు ఎక్కడున్నాయో ఈగకు తెలియలేదు. నిలబడలేక, నడవలేక చనిపోయింది. సెంట్రియోల్ లేకుండా విభజన జరిగింది, శైలిక మాత్రం ఏర్పడలేదు. పుస్తకంలో ముందుగా చెప్పే పనికి ప్రత్యామ్నాయం ఉంది, చివర ఒక వాక్యంలో చెప్పి వదిలేసే పనికి లేదు.

తీరం హేచరీ ల్యాబు

శైలికల మాట వచ్చింది కాబట్టి నేనూ మాట్లాడవచ్చు. నేను రొయ్యల హేచరీలో ల్యాబు చూస్తాను. గుంటల నుంచి రైతులు తెచ్చే రొయ్య మొప్ప ముక్కను పలక మీద పెట్టి ప్రతిరోజూ మొదట వెతికేది జూతమ్నియం అనే ఏకకణ జీవి కోసం. కాడలతో గుత్తిగా, చిన్న గంటల్లా కనిపిస్తుంది. ఒక్కొక్క గంట నోటి చుట్టూ శైలికలు ఎంత వేగంగా ఆడతాయంటే, విడివిడిగా కనిపించవు, అంచు వెంట ఏదో గిర్రున తిరుగుతున్నట్టు మాత్రమే ఉంటుంది. నీటిలోని మట్టి రేణువులు ఆ సుడిలో పడి లోపలికి పోవడాన్ని చూసి ఎక్కడున్నది పోల్చుకుంటాము. ఫార్మలిన్ చుక్క పడగానే ఆ సుడి ఆగిపోతుంది, అప్పుడు వెంట్రుకలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఒక్కొక్క శైలిక అడుగున కూడా సెంట్రియోలే ఉంటుందా?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

ఉంటుంది. అక్కడ దాని పేరు ఆధార కణిక. పేరు వేరు గానీ నిర్మాణం ఒకటే. ఈ రెండూ ఒకటేనన్న మాటను 1898లో హెన్నెగీ, లెన్‌హొసెక్ అన్న ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ప్రతిపాదించారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక 1950ల్లో లోపలి అమరిక చూసి అది నిజమని తెలిసింది.

నీ జూతమ్నియంలో ఇంకో విశేషం ఉంది నాయనా. శైలికలు గల ఆ ఏకకణ జీవుల్లో ఆధార కణికలు ఎన్నో ఉంటాయి. అయితే కేంద్రకం విభజన చెందేటప్పుడు వాటిలో ఒక్కటీ కండె కొన దగ్గరికి రాదు. కండె కేంద్రకపు పొర లోపలే, సెంట్రియోల్‌ల ప్రమేయం లేకుండా ఏర్పడుతుంది. ఇంట్లో అన్ని పనిముట్లు ఉండి కూడా ఆ పనికి వాడుకోని జీవి అది. శిక్షకుడు గారు ఈ ఒక్క జీవిని తలచుకుంటే చాలు, తన మాట మీద నిలబడటం కష్టమవుతుంది.

ఆ అమరిక ఏమిటో కూడా చెప్తాను. గొట్టాన్ని అడ్డంగా కోస్తే అంచు వెంట తొమ్మిది గుంపులు, ఒక్కొక్క గుంపులో మూడేసి సూక్ష్మనాళికలు, మొత్తం 27 కనిపిస్తాయి. గుంపులు నిటారుగా ఉండవు, పిల్లలు ఆడుకునే కాగితపు గాలిమర రెక్కల్లా ఒక పక్కకు వాలి ఉంటాయి. మూడింటిలో మొదటిది మాత్రమే 13 పోగులతో పూర్తి గుండ్రంగా ఉంటుంది. మిగిలిన రెండూ పక్కదాని గోడను ఆసరా చేసుకొని కట్టిన పంచల్లా సగం గుండ్రంగా ఉంటాయి. కొత్త సెంట్రియోల్ పుట్టేటప్పుడు ముందుగా ఏర్పడేది బండి చక్రం లాంటి అచ్చు. నడుమ నాభి, దాని నుంచి తొమ్మిది ఆకులు. సాస్-6 అనే మాంసకృత్తి అణువులు జతలు జతలుగా కూడి ఆ చక్రాన్ని కడతాయి. తొమ్మిది అన్న లెక్క చాలావరకు అక్కడి నుంచే వస్తుంది.

దర్శి పశువైద్యుడు

నేను రోజూ చూసేది ఒంగోలు గిత్త వీర్యకణాలను. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచిన పావు మిల్లీలీటరు స్ట్రాను గోరువెచ్చటి నీటిలో కరిగించి, ఒక చుక్కను వెచ్చటి పలక మీద వేసి చూస్తే, బతికినవి తోక ఆడిస్తూ ముందుకు పోతాయి. తలకూ తోకకూ మధ్య మెడ అనే సన్నటి భాగం ఉంటుంది. సెంట్రియోల్ అక్కడ ఉంటుంది. తోక పుట్టినది దాని మీద నుంచే.

గోపాలమిత్రలకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను. దూడకు తల్లి నుంచి, తండ్రి నుంచి ఏమేమి వస్తాయి అని. క్రోమోసోములు చెరి సగం అని అందరూ చెప్తారు. మైటోకాండ్రియా తల్లివి అని కొందరు చెప్తారు. సెంట్రియోల్ సంగతి ఎవరూ చెప్పరు. అండకణం తయారయ్యే క్రమంలో తన సెంట్రియోల్‌లను పోగొట్టుకుంటుంది. వీర్యకణం మెడలో ఉన్నది అండంలోకి ప్రవేశించి, చుట్టూ తల్లి కణద్రవ్యంలోని పదార్థాన్ని పోగుచేసుకొని, కిరణాలు విచ్చి, తల్లి కేంద్రకాన్నీ తండ్రి కేంద్రకాన్నీ దగ్గరకు చేరుస్తుంది. పశువుల్లోనూ మనుషుల్లోనూ ఇంతే. ఎలుకల్లో మాత్రం వీర్యకణం సెంట్రియోల్‌లు పక్వదశకు వచ్చేసరికి శిథిలమవుతాయి, అందుకని పిండం కొన్ని విభజనల తరువాత కొత్తగా తయారు చేసుకుంటుంది. ప్రయోగశాలలో ఎలుకలను చూసి నేర్చుకున్నదంతా గిత్తకు వర్తిస్తుందనుకుంటే ఇక్కడ బోర్లాపడతాము.

ఉలవపాడు మామిడి తోట

ఒక అండంలోకి రెండు వీర్యకణాలు పోతే సెంట్రియోల్‌లు రెట్టింపు అవుతాయి కదా డాక్టరు గారూ?

దర్శి పశువైద్యుడు

అవుతాయి. బొవేరీ సముద్రపు అర్చిన్ గుడ్ల మీద ఆ ప్రయోగమే చేశాడు. రెండు వీర్యకణాలు పోయిన గుడ్డులో కండెకు రెండు కొనలకు బదులు మూడు, నాలుగు కొనలు వచ్చాయి. క్రోమోసోములు ఎటుబడితే అటు చీలిపోయాయి. పిండాలు చెడిపోయాయి. క్రోమోసోముల పంపకంలో ఎక్కువ తక్కువలు వస్తే కణం దారి తప్పుతుందన్న ఆలోచన అతనికి అక్కడే మొదలై, 1914లో కేన్సర్ కణితుల గురించి రాసిన పుస్తకం దాకా సాగింది.

నెల్లూరు పెథాలజీ

ఆ పుస్తకం వచ్చి నూరేళ్ళు దాటిన తరువాత కూడా మేము పలకల మీద ఆ బొమ్మనే చూస్తుంటాము. కణితి ముక్కలో మూడు కాళ్ళ కండె కనిపిస్తే, పక్కన పెన్నుతో గుర్తు పెట్టి, నివేదికలో అసాధారణ విభజన అని రాస్తాము.

లెక్క ఎలా తప్పుతుందో చెప్పాలంటే, అది మామూలుగా ఎలా సరిగ్గా ఉంటుందో ముందు చెప్పాలి. విభజనకు ముందు, డీఎన్ఏ రెట్టింపయ్యే దశలోనే సెంట్రియోల్‌లు కూడా రెట్టింపు అవుతాయి. పాతవి రెండూ కొద్దిగా ఎడమవుతాయి. ఒక్కొక్క పాతదాని పక్కన లంబంగా ఒక్కటంటే ఒక్క పిల్ల మొలుస్తుంది. పీఎల్‌కే4 అనే ఎంజైము ఆ మొలకెత్తే చోటును నిర్ణయిస్తుంది. అది ఎక్కువైతే ఒక తల్లి చుట్టూ పూల రేకుల్లా చాలా పిల్లలు వస్తాయి, లేకుంటే ఒక్కటీ రాదు. ఇలా రెండు నాలుగవుతాయి, విభజనలో చెరి రెండు పంచుకుంటాయి. అంటే నాలుగింటిలో ఒకటి అన్నింటికంటే పాతది, కొసన ప్రత్యేకమైన ముళ్ళ వంటి నిర్మాణాలు గలది. శైలికను మొలిపించే అర్హత దానికే ఉంటుంది. పిల్ల సెంట్రియోల్ ఆ ముళ్ళు సంపాదించుకోవాలంటే ఇంకో విభజన చక్రం గడవాలి.

కేన్సర్ కణాల్లో అనేకం ఎక్కువ సెంట్రోసోమ్‌లతో ఉంటాయి. అన్నీ మూడు కాళ్ళ కండెతో చావవు. తెలివైనవి అదనపు సెంట్రోసోమ్‌లను రెండు గుంపులుగా దగ్గరకు తోసి, పైకి రెండు కొనల కండెనే కట్టుకుంటాయి. ఆ తోపులాటలో అక్కడక్కడ ఒక క్రోమోసోము వెనకబడుతుంది. మరోవైపు, 2015లో పీఎల్‌కే4ను ఆపివేసే ఒక మందుతో మానవ కణాల్లో సెంట్రియోల్‌లు కొత్తగా పుట్టకుండా చేశారు. కొన్ని విభజనల తరువాత సెంట్రియోల్‌లు ఖాళీ అయిన మామూలు కణాలు విభజనను ఆపేశాయి, చాలా కేన్సర్ కణాలు ఏమీ పట్టనట్టు విభజన కొనసాగించాయి. మామూలు కణాన్ని ఆపింది కండె లేకపోవడం కాదు. సెంట్రియోల్ లేదన్న సంగతి పసిగట్టిన పీ53 అనే కావలి మాంసకృత్తి కణాన్ని నిలిపివేసింది. శిక్షకుడు గారి వాక్యంలో ఉన్న నిజం ఈ పాటిది.

కందుకూరు పొగాకు రైతు

అయ్యా, నాది సామాన్యమైన ప్రశ్న. ముప్పై ఏళ్ళు బ్యారన్ దగ్గర పడుకొని పొగాకు కాల్చినవాణ్ణి, ఆ పొగాకే తాగినవాణ్ణి. తెల్లవారి లేవగానే అరగంట దగ్గుతాను. శైలికలు చెడిపోయాయని వైద్యులు చెప్పారు. ఆ సెంట్రియోల్‌లు కాలిపోయాయంటారా?

నెల్లూరు పెథాలజీ

పెద్దాయనా, మీ వైద్యుల మాట సరైనదే. శ్వాసనాళం లోపలి పొరలో ఒక్కొక్క కణానికి 200 నుంచి 300 శైలికలు ఉంటాయి, సెకనుకు పది సార్లకు పైగా ఆడుతూ కఫాన్ని గొంతు వైపుకు నెడతాయి. ఆ కణంలో సెంట్రియోల్‌లు కేంద్రకం పక్కన కాకుండా, పై అంచుకు అంటుకొని, పొర కిందనే బారులు తీరి ఉంటాయి. రెండుతో మొదలైన కణం అన్ని వందలు ఎలా తయారు చేస్తుందంటే, తల్లి పక్కన ఒక్కొక్కటి అన్న నియమాన్ని అక్కడ పక్కన పెడుతుంది. గుండ్రటి మాంసకృత్తి ముద్దల చుట్టూ ఒకేసారి అనేకం మొలుస్తాయి, పైకి వెళ్ళి పొరకు ఆనుకొంటాయి. ఆ కణం ఇక విభజన చెందదు కాబట్టి లెక్క తప్పినా ముప్పు లేదు.

పొగ వల్ల శైలికల ఆట మందగిస్తుంది, వాటి పొడవు తగ్గుతుంది, కణాలు రాలిపోయి వాటి స్థానంలో శైలికలు లేని పలక లాంటి కణాలు వస్తాయి. సెంట్రియోల్ కాలిపోవడం అన్నది కాదు. ఊడ్చేవాళ్ళు లేక రాత్రంతా పేరుకున్న కఫాన్ని మీరు పొద్దున దగ్గి బయటికి తెస్తున్నారు. పొగ మానితే కొంతవరకు శైలికలు తిరిగి వస్తాయి, దయచేసి మానండి.

పుట్టుకతోనే శైలికలు ఆడని జబ్బు కూడా ఒకటి ఉంది. ఆ పిల్లలకు ఎప్పుడూ జలుబు, దగ్గు, చెవి చీము. వారిలో సుమారు సగం మందికి గుండె కుడివైపున, కాలేయం ఎడమవైపున ఉంటాయి. పిండ దశలో ఎడమ కుడి తేడాను నిర్ణయించేవి కూడా శైలికలే కాబట్టి అవి ఆడకపోతే ఆ నిర్ణయం బొమ్మా బొరుసూ అయిపోతుంది. 1976లో అఫ్జీలియస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఆ రోగుల శైలికల్లో చోదక మాంసకృత్తి చేతులు లేవని చూపించాడు. అక్కడ లోపం శైలికది, దాని అడుగున ఉన్న సెంట్రియోల్‌ది కాదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఒంగోలు బైపీసీ విద్యార్థిని

నాకు ఇంకో సందేహం. మొక్కలకు లేదన్నారు. ఫెర్న్‌ల వీర్యకణాలు నీటిలో ఈదుతాయని వృక్షశాస్త్రంలో చదివాము. కశాభం (ఈదడానికి ఆడించే తోక) ఉంటే అడుగున సెంట్రియోల్ ఉండాలి కదా?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

ఈ ప్రశ్న నీవే వేస్తావేమోనని ఎదురు చూస్తున్నాను. అందుకే మొదటే ‘పుష్పించే మొక్కలు’ అని జాగ్రత్తగా రాశాను.

నెల్లూరు చుట్టుపక్కల వరి మడుల్లో నాలుగు ముక్కల ఆకులు నీటి మీద తేలుతూ ఉండే చిన్న ఫెర్న్ ఒకటి ఉంటుంది, మార్సీలియా అంటారు. దాని శరీర కణాల్లో ఎక్కడ వెతికినా సెంట్రియోల్ ఉండదు. వీర్యకణం తయారయ్యే వేళకు మాత్రం, పాతది ఏదీ లేకుండానే, ఒక ముద్ద ఏర్పడి దానిలోనుంచి సెంట్రియోల్‌లు పుడతాయి. అవి కశాభాలకు అడుగు అవుతాయి. సైకస్ మొక్కల్లోనూ అంతే. వాటి వీర్యకణానికి వేల సంఖ్యలో కశాభాలు మర చుట్లుగా ఉంటాయి. 1896లో జపాన్‌లో హిరాసే జింకోలోను, ఇకెనో సైకస్‌లోను ఈదే వీర్యకణాలను కనుగొన్నారు. పుష్పించే మొక్కల్లో వీర్యకణం పరాగనాళం గుండా పోతుంది, ఈదనక్కరలేదు. కశాభం పోయింది, దానితో సెంట్రియోల్ కూడా పోయింది. విభజన మాత్రం నిరాటంకంగా సాగుతోంది.

తీరం హేచరీ ల్యాబు

అయితే ఒక మాట. రొయ్య వీర్యకణానికి తోక లేదు. ముందు ఒక ముల్లు మాత్రం ఉంటుంది, ఈదదు. అంటే రొయ్యకు సెంట్రియోల్ కూడా పోవాలి కదా?

కావలి విశ్రాంత అధ్యాపకుడు

తొందరపడకు నాయనా. రొయ్య జంతువు, దాని శరీర కణాలకు కండె ధ్రువాల్లో సెంట్రియోల్‌లతో పని ఉంది, వీర్యకణానికి తోక లేకపోయినంత మాత్రాన మిగతా శరీరం వాటిని వదులుకోదు. నేను చెప్పింది మొక్కల వంశచరిత్ర, అక్కడ మొదటి నుంచీ శరీర కణాల్లో లేదు, వీర్యకణంలో మాత్రమే ఉండేది.

నెల్లూరు పోటీ పరీక్షల శిక్షకుడు

చర్చను మొదటి నుంచి మళ్ళీ చదివాను. రేపటి నుంచి నాడీకణం వాక్యాన్ని నా నోట్సులోంచి తీసేస్తున్నాను. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే కీ ఏమంటుందో విద్యార్థులకు విడిగా చెప్తాను, నిజం ఏమిటో కూడా చెప్తాను. ఇంకొక సందేహం మిగిలింది. మైటోకాండ్రియాలో ఉన్నట్టు సెంట్రియోల్‌లో కూడా సొంత డీఎన్ఏ ఉంటుందని ఎక్కడో చదివాను.

నెల్లూరు పెథాలజీ

1989లో ఒక ఆకుపచ్చ శైవలం ఆధార కణికల్లో డీఎన్ఏ ఉందని ఒక ప్రకటన వచ్చింది, చాలా సంచలనం కలిగించింది. తరువాతి కొన్ని సంవత్సరాల్లోనే ఆ డీఎన్ఏ కేంద్రకంలోని క్రోమోసోముదేనని తేలింది. మైటోకాండ్రియాలా దీనికి పొర కూడా లేదు, ఇది కేవలం మాంసకృత్తుల కట్టడం.

ఒంగోలు బైపీసీ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మార్కుల గురించి మళ్ళీ అడగదలచుకోలేదు. ఇంటి దగ్గర కూర్చొని నాలుగు బొమ్మలు గీశాను. మొదటిది విరామ స్థితిలోని జంతుకణం, కేంద్రకం పక్కన లంబంగా రెండు సెంట్రియోల్‌లు. రెండవది అదే కణం మధ్యదశలో, ఒక్కొక్క కొనలో ఒక్కొక్క జత. మూడవది శ్వాసనాళపు కణం, పై అంచు కింద వరుసగా చుక్కలు, ఒక్కొక్క చుక్క మీద ఒక్కొక్క శైలిక. నాలుగవది ఉల్లి వేరు కణం, మొద్దు కొనల కండె, సెంట్రియోల్ ఎక్కడా లేదు. మూడవ బొమ్మ పక్కన అడ్డుకోత కూడా పెద్దదిగా గీసి, ఆధార కణికకు అంచున తొమ్మిది జంటలు, నడుమ రెండు నాళికలు చూపించాను. ఫొటో జతచేశాను. సరిచూడగలరు.

కావలి విశ్రాంత అధ్యాపకుడు

నాలుగు బొమ్మలూ బాగున్నాయమ్మా, ఉల్లి కండె కొనలు మరీ బాగున్నాయి. అడ్డుకోతలో మాత్రం శైలికను గీసి ఆధార కణిక అని పేరు రాశావు. అంచున తొమ్మిది జంటలు, నడుమ రెండు అన్నది పొర దాటి బయటికి వచ్చిన శైలిక అమరిక. పొర కింద ఉన్న ఆధార కణికలో జంటలు కాదు, మూడేసి. నడుమ ఆ రెండు నాళికలు ఉండవు. రబ్బరుతో నడుమవి రెండూ చెరిపి, అంచున ఒక్కొక్క జంటకు ఒక్కొక్కటి చేర్చు.

దర్శి పశువైద్యుడు

గుంపులు గాలిమర రెక్కల్లా ఒక పక్కకు వాలేటట్లు గీయడం మరచిపోకమ్మా. బొమ్మలో అవన్నీ నిటారుగా ఉన్నాయి.